బుద్ధి నిలిచి ఉండగానే చేయవలసిన న్యాసం

దేహం అనిత్యమని వినని ఆస్తికుడు ఉండడు. ఆ శ్రవణఫలంగానే గృహస్థులు వీలునామాలు వ్రాస్తారు, కాశీయాత్ర చేస్తారు, అపరకర్మలకు కొంత ధనం వేరుగా ఉంచుతారు. ఈ సన్నాహమంతా మరణాన్ని ఉద్దేశించినది. బుద్ధి అస్తమించడానికీ దేహం పడిపోవడానికీ నడుమ కొన్ని సంవత్సరాల అంతరం ఉండవచ్చునన్న విషయం మాత్రం చాలామంది దృష్టికి రాదు. ఆ అంతరకాలంలో శ్వాస ఉంటుంది, ఆకలి ఉంటుంది, పేరు మీద ఇల్లు ఉంటుంది, బ్యాంకులో ధనం ఉంటుంది. నిర్ణయించే శక్తి ఒక్కటే ఉండదు. వీలునామా మరణానంతరమే పలుకుతుంది. ఈ నడిమి కాలంలో అది మూగపత్రం.

వేదాంతం బుద్ధిని ఆత్మగా అంగీకరించదు. మనస్సు, బుద్ధి, చిత్తం, అహంకారం అనే నాలుగు వృత్తులు గల అంతఃకరణం సూక్ష్మశరీరంలోని భాగం. అది స్వతః జడం. చైతన్యం దానియందు ప్రతిఫలించడం చేతనే అది తెలుసుకొంటున్నట్లు భాసిస్తుంది. నేత్రం మసకబారినట్లే బుద్ధి కూడా మసకబారవచ్చు. సాక్షికి దానివలన లోపం కలుగదు. ఈ సిద్ధాంతం నుండి రెండు ఫలితాలు సిద్ధిస్తాయి. బుద్ధి క్షీణించిన వ్యక్తి గౌరవార్హతను కోల్పోడన్నది మొదటిది. బుద్ధి ఒక ఉపకరణమని ఎరిగినవాడు, ఆ ఉపకరణం శిథిలమయ్యే దినానికి ముందుగా ఏర్పాటు చేసుకోవడం వైరాగ్యానికి విరుద్ధం కాదన్నది రెండవది.

శ్రుతిలో ఇటువంటి ఏర్పాటుకు స్థానం ఉంది. కౌషీతకి ఉపనిషత్తు ద్వితీయాధ్యాయంలో పితాపుత్రీయ సంప్రదానమనే కర్మ చెప్పబడింది. దేహత్యాగ సమయం సమీపించిందని భావించిన తండ్రి, గృహంలో నూతన తృణాలు పరిపించి, అగ్నిని ప్రతిష్ఠించి, జలపాత్రను ఉంచి, నూతన వస్త్రం ధరించి శయనిస్తాడు. పుత్రుణ్ణి పిలిచి తన వాక్కును, ప్రాణాన్ని, చక్షుస్సును, శ్రోత్రాన్ని, కర్మలను, సుఖదుఃఖాలను, మనస్సును, ప్రజ్ఞను వరుసగా అతనియందు ఉంచుతున్నానంటాడు. ఒక్కొక్కదానినీ తనయందు స్వీకరిస్తున్నానని పుత్రుడు బదులు పలుకుతాడు. ఇక్కడ మూడు అంశాలు గమనార్హం. తండ్రికి వాక్కు ఉండగానే ఈ కర్మ జరుగుతుంది. పుత్రుడు మౌనంగా తీసుకోడు, కంఠతః స్వీకరిస్తాడు. ఒకవేళ తండ్రి కోలుకొంటే ఆయన పుత్రుని ఆధిపత్యంలో నివసించాలి, లేదా పరివ్రాజకుడై వెళ్ళిపోవాలి. మూడవ అంశం కఠినమైనది. ఒకసారి అప్పగించినది తిరిగి రాదని దాని భావం.

ఈ సంప్రదానానికి నేటి లోకవ్యవహారంలో ఏ రూపం ఉన్నదో, అది లేనిచోట ఏమి సంభవిస్తుందో గోదావరీతీరానికి చెందిన ఇద్దరు సోదరుల జీవితాలు స్పష్టం చేస్తాయి. అన్నగారు విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, 1974లో ఇంగ్లాండ్‌కు వెళ్ళి, అక్కడి నేషనల్ హెల్త్ సర్వీస్‌లో జీవితమంతా రోగులను సేవించి, బర్మింగ్‌హామ్ సమీపంలో స్థిరపడ్డారు. శనివారం వస్తే టివిడేల్‌లోని బాలాజీ ఆలయానికి వెళ్ళడం ఆయన నియమం. తమ్ముడుగారు రాజమహేంద్రవరంలో సంస్కృతోపన్యాసకులుగా పనిచేసి, పదవీ విరమణానంతరం పిత్రార్జితమైన గృహంలోనే ఉండిపోయారు.

2019లో తమ్ముడుగారికి పక్షవాతం సంభవించింది. ప్రాణం నిలిచింది గాని మాట పోయింది, ఎదుటివారి మాటను గ్రహించే శక్తి కూడా పోయింది. ఆయన దూరదృష్టి లేనివారు కాదు. మూడు సంవత్సరాలకు పూర్వమే కుమారునికి జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ వ్రాసి, రిజిస్టరు చేయించి ఇచ్చారు. డిపాజిట్లన్నీ ఆయన ఒక్కరి పేరు మీదనే ఉన్నాయి. వైద్యశాల ఖర్చులకై కుమారుడు ఆ పత్రం తీసుకొని బ్యాంకుకు వెళ్ళగా, తండ్రిగారి స్థితిని విన్న అధికారి చెల్లింపుకు నిరాకరించారు. ఆ అధికారి నిర్దయులు కారు; చట్టం పలికినదే పలికారు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 201వ సెక్షన్ ప్రకారం అధికారమిచ్చిన వ్యక్తి మరణించినా, మతిస్థిమితం కోల్పోయినా ప్రతినిధి అధికారం అంతరిస్తుంది. అవసరం లేని కాలమంతా సజీవంగా ఉన్న పత్రం, అవసరం కలిగిన దినాననే నిర్జీవమైంది.

పూర్వం 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో ఆస్తి నిర్వహణకై జిల్లా న్యాయస్థానం ద్వారా నియామకం పొందే మార్గం కొందరి విషయంలో ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2017 చట్టం చికిత్సను గురించి విస్తారంగా చెప్పింది గాని, ఆస్తి విషయంలో మౌనం వహించింది. కావున ఇటువంటి కుటుంబాలు రాజ్యాంగం 226వ అధికరణం క్రింద ఉన్నత న్యాయస్థానాన్ని ఆశ్రయించవలసి వస్తున్నది. స్పృహలేని స్థితిలో ఉన్నవారికి సంరక్షకులను నియమించే విధానంపై కేరళ ఉన్నత న్యాయస్థానం 2019లో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. ఆ మార్గం ఉంది గాని దీర్ఘమైనది. రాజమహేంద్రవరంలోని ఆ ఇంటివారికి ఆదేశం చేతికి వచ్చేసరికి ఏడు మాసాలు గడిచాయి. ఈలోగా ఆ ఇల్లాలు ఒకనాటి రాత్రి ఇంగ్లాండ్‌కు ఫోను చేసి, "బావగారూ, మీ తమ్ముడు దాచుకున్న డబ్బు మీ తమ్ముడికే అక్కరకు రావడం లేదండీ. గాజులు అమ్మి మందులు కొంటున్నాం" అన్నారు.

ఆ మాట విన్న అన్నగారి స్థితి కూడా నిశ్చింతగా లేదు. అప్పటికే ఆయనకు పేర్లు జారిపోతున్నాయి. సంధ్యావందనం నిరాటంకంగా సాగుతున్నా, చేసినదీ లేనిదీ గుర్తుండక ఒకే పూట రెండుసార్లు చేస్తున్నారు. వైద్యపరీక్షలో ఆల్జీమర్స్ వ్యాధి ప్రథమదశ అని తేలింది. ధర్మపత్ని తెప్పించి ఉంచిన పత్రాలు ఒక సంవత్సరంగా బల్ల సొరుగులోనే ఉన్నాయి. జీవితమంతా ఇతరుల విషయంలో నిర్ణయాలు చేసిన వైద్యునికి, తన విషయంలో ఇతరులు నిర్ణయిస్తారని వ్రాసి సంతకం చేయడం పరాభవంగా తోచింది. మరదలి మాట విన్న మరునాడు ఆయనే ఆ సొరుగు తెరిచారు.

ఆ పత్రాల పేరు లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ. ఇంగ్లాండ్, వేల్స్ దేశాలకు వర్తించే మెంటల్ కెపాసిటీ యాక్ట్ 2005లో వచ్చింది; దాని క్రింద ఈ పత్రాలు 2007 అక్టోబరు 1 నుండి అమలులో ఉన్నాయి. అంతకు పూర్వం 1985 చట్టం క్రింద ఉన్న ఎండ్యూరింగ్ పవర్ ఆఫ్ అటార్నీ ధనవ్యవహారాలకే పరిమితం. క్రొత్త చట్టంలో పత్రాలు రెండు విధాలు: ఆస్తి, ధనవ్యవహారాలకు ఒకటి, ఆరోగ్య, సంక్షేమ విషయాలకు మరొకటి. ధనవ్యవహారాల పత్రాన్ని వ్రాసినవారి అనుమతితో వారి బుద్ధి బాగుండగానే ఉపయోగించవచ్చు. ఆరోగ్య పత్రం మాత్రం ఆ నిర్ణయం చేసుకునే సామర్థ్యం పోయిన పిదపనే ప్రవర్తిస్తుంది. రెండింటినీ ప్రయోగానికి ముందు ఆఫీస్ ఆఫ్ ద పబ్లిక్ గార్డియన్ వద్ద నమోదు చేయించాలి. వ్రాసినవారి బుద్ధి పోయినా పత్రం పోదు. లాస్టింగ్ అన్న విశేషణానికి సార్థకత అక్కడే ఉంది.

ఇటువంటి పత్రం లేకుంటే భార్యకైనా, సంతానానికైనా సహజంగా ఈ అధికారం సంక్రమించదు. కోర్ట్ ఆఫ్ ప్రొటెక్షన్‌కు అర్జీ పెట్టుకొని డెప్యుటీగా నియామకం పొందాలి. ఆ విధానంలో వ్యయం, కాలహరణం అధికం. పైగా ఎవరు నియుక్తులు కావాలన్నది ఆ వ్యక్తి ఇష్టాన్ని బట్టి గాక, న్యాయస్థానం విచక్షణను బట్టి జరుగుతుంది.

వ్యాధి నిర్ణయమైన తరువాత సంతకం చెల్లుతుందా అన్న సందేహం ఆ కుటుంబానికి కలిగింది. చట్టం రోగం పేరును చూడదు, సామర్థ్యాన్ని చూస్తుంది. ఆ నిర్ణయానికి సంబంధించిన విషయాన్ని అర్థం చేసుకోగలగడం, దానిని మనస్సులో నిలుపుకోగలగడం, గుణదోషాలను తూచగలగడం, నిర్ణయాన్ని ఏదో ఒక రీతిగా తెలుపగలగడం అన్న నాలుగింటిని పరిశీలిస్తుంది. నీతిశాస్త్రకారులు చెప్పిన ధీగుణాలలోని గ్రహణం, ధారణం, ఊహాపోహలు ఇక్కడ స్మరణకు రాక మానవు. మరొక సూక్ష్మం ఏమనగా, సామర్థ్యం నిర్ణయాన్ని బట్టి, కాలాన్ని బట్టి వేరువేరుగా పరీక్షింపబడుతుంది. ఇల్లు అమ్మే విషయం తేల్చుకోలేనివారు కూడా ఏ పంచె కట్టుకోవాలో తేల్చుకోగలరు. ప్రతివ్యక్తికీ సామర్థ్యం ఉన్నదనే ముందుగా భావించాలని, తెలివితక్కువగా తోచే నిర్ణయం చేసినంత మాత్రాన సామర్థ్యం లేదనరాదని కూడా ఆ చట్టం చెబుతుంది.

పత్రంలో సర్టిఫికేట్ ప్రొవైడర్ అనే సాక్షికి ప్రత్యేక స్థానం ఉంది. ఆయన కుటుంబసభ్యుడు కారాదు. కనీసం 2 సంవత్సరాలుగా వ్యక్తిగతంగా ఎరిగినవారు గాని, వైద్యుడు, న్యాయవాది వంటి వృత్తినిపుణులు గాని ఆ స్థానంలో ఉండవచ్చు. వ్రాసేవారికి విషయం బోధపడిందని, ఎవరి ఒత్తిడీ లేదని ఆయన ధ్రువీకరించాలి. ఆలయంలో చిరకాలంగా పరిచయమున్న ఒక మిత్రుడు అన్నగారితో ఏకాంతంగా మాట్లాడి, "ఇంత తొందర దేనికి? ఇంకొన్నాళ్ళు ఆగవచ్చు కదా" అని పరీక్షార్థం అడిగారు. అన్నగారి సమాధానం ఇది: "శస్త్రచికిత్సకు ముందు, మత్తు ఇవ్వకముందే రోగి చేత సంతకం చేయిస్తాం. మత్తెక్కిన తరువాత చేయిస్తే అది సంతకం కాదండీ. నేనిప్పుడు మెలకువగా ఉన్నాను." ఆ మిత్రునికి మరొక ప్రశ్న అవసరం కాలేదు.

ధర్మపత్నిని, కుమార్తెను ఆయన ప్రతినిధులుగా నియమించారు. ఇద్దరూ కలిసిగాని, విడివిడిగాగాని వ్యవహరించవచ్చునన్నారు. వారికి వీలుకాని పక్షంలో కుమారుడు ఆ స్థానంలోకి రావాలన్నారు. ప్రాణాన్ని నిలిపే చికిత్సల విషయంలో వారే నిర్ణయించాలని విడిగా సంతకం చేశారు. తన అభీష్టాలను కూడా వ్రాయించారు: ఆహారం శాకాహారంగా ఉండాలి, తెలుగు మాట వినపడాలి, సాయంకాలం విష్ణుసహస్రనామం వినిపించాలి.

నాలుగు సంవత్సరాల తరువాత ఆయన కేర్ హోమ్‌లో చేరవలసి వచ్చింది. అప్పటికి ఆంగ్లభాష ఆయన నుండి దాదాపు తొలగిపోయింది, తెలుగే మిగిలింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన పక్కనున్నవారి పళ్ళెంలోని మాంసాహారం వైపు చేయి చాచారు. మరునాడూ అదే చేశారు. ఆయన ఇష్టపడుతున్నప్పుడు పెట్టడంలో తప్పేమిటని పరిచారికలు అడిగారు. లండన్‌లోని కుమారుడు కూడా, "అక్కా, నాన్నగారికి ఇప్పుడేదీ తెలియదు. సంతోషంగా ఉంటే చాలు కదా" అన్నాడు. కుమార్తెకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పూర్వపు తండ్రి మాట వినాలా, ఎదుట కూర్చున్న తండ్రి చేయిని గౌరవించాలా?

ధర్మశాస్త్ర దృష్టిలో తండ్రికి దోషం లేదు. కర్తృత్వబుద్ధి లేనిచోట పాపపుణ్యాలు అంటవు. కావున ఇక్కడి ప్రశ్న ఆయన పరలోకాన్ని గురించినది కాదు. ఆయన జీవితమంతా నిలుపుకొన్న సంకల్పానికి ఇప్పుడు కాపలా ఎవరన్నది. సంకల్పాన్ని మోసే శక్తి తనకు ఉండదని తెలిసే ఆయన దానిని మరొకరి చేతిలో పెట్టారు. అంతమాత్రాన నేటి ఆయన ఇష్టం తృణీకరింపదగినది కాదు. చట్టం కూడా వ్యక్తి శ్రేయస్సును నిర్ణయించేటప్పుడు గతంలోని ఇష్టాలను, ఇప్పటి భావాలను, విశ్వాసాలను, విలువలను అన్నింటినీ పరిగణించమంటుంది. ఆ వ్యక్తి స్వేచ్ఛను అతి తక్కువగా అడ్డగించే మార్గం ఉన్నదేమో చూడమంటుంది.

కుమార్తె మూడు రోజులు భోజనవేళకు వెళ్ళి కూర్చొని చూసింది. తండ్రి పళ్ళెంలో శాకాహారమన్న పేరుతో చల్లని రొట్టెముక్కలు, పక్కవారి పళ్ళెంలో ఆవిరి లేస్తున్న ఆహారం. ఆయన చేయి వేడి వైపు వెళ్ళింది. ఆరోగ్య పత్రం ఇచ్చిన అధికారంతో ఆమె నిర్వాహకులతో మాట్లాడి, వేడి అన్నం, ముద్దపప్పు, నెయ్యి ఆ వేళకే అందే ఏర్పాటు చేసింది; కూర్చునే స్థలం కొంచెం మార్పించింది. చాచిన చేయిని ఎవరూ అడ్డుకోలేదు, నిలుపుకొన్న నియమమూ చెడలేదు. ఆయన మళ్ళీ పక్క పళ్ళెం వైపు చూడలేదు.

ప్రతినిధి ధర్మానికి ఇతిహాసంలో భరతుని మించిన ఉదాహరణ లేదు. ఆయన సింహాసనంపై కూర్చోలేదు. పాదుకలను నిలిపి, నందిగ్రామంలో ఉండి రాజ్యభారం వహించాడు. రాముడు తిరిగివచ్చిన దినాన కోశాగారాన్ని, ధాన్యాగారాన్ని, సైన్యాన్ని పదిరెట్లు చేసి చూపి అప్పగించాడు. తన ధనంతో కలపకపోవడం, లెక్క ఉంచడం, యజమాని రాగానే మారుమాట లేక తిరిగి ఇవ్వడం అనే మూడు లక్షణాలూ ఆయనలో ఉన్నాయి. ఇంగ్లాండ్ చట్టం కోరేవి కూడా ఇవే. కౌషీతకిలోని తండ్రి కోలుకొన్నా పుత్రుని ఆధిపత్యంలోనే ఉండాలి. ఇక్కడ మాత్రం ఏ నిర్ణయం చేసే శక్తి ఏ ఘడియలో తిరిగివస్తే ఆ నిర్ణయం ఆ వ్యక్తికే చెందుతుంది. కుమార్తె ప్రతి ఉదయం రెండు శాలువలు చూపి, "నాన్నగారూ, ఏది కప్పుకుంటారు?" అని అడుగుతుంది. ఆయన ఒకదానిని తాకుతారు. అదే ఆనాటి శాలువ.

భక్తులు జాగ్రత్తగా గ్రహించవలసిన విషయం మరొకటి ఉంది. ఆయన ఆరోగ్యం కుదుటపడాలని, ఆయన ధనంతోనే ఒక ఆలయానికి పెద్ద మొత్తం సమర్పించాలని ధర్మపత్ని సంకల్పించారు. భక్తి నిజమైనది; దుఃఖమూ నిజమైనది. కుమార్తె అంగీకరించలేదు. ప్రతినిధి చేసే కానుకలపై ఆ చట్టం పరిమితి విధించింది: వివాహం, జన్మదినం వంటి సందర్భాలలో బంధుమిత్రులకు, ఆయన ఇస్తూ వచ్చిన లేదా ఇస్తారని భావింపదగిన ధర్మసంస్థలకు, ఆస్తికి తగిన మితిలోనే ఇవ్వవచ్చు. ధర్మం కూడా దీనికి భిన్నంగా చెప్పదు. దానానికి కర్త సంకల్పం ప్రాణం. పరుల ధనాన్ని వారి సంకల్పం లేక దేవునికి ఇచ్చినా అది దానమనిపించుకోదు. ఆయన ప్రతి సంవత్సరం అన్నదానానికి ఇచ్చిన మొత్తమే ఆ సంవత్సరమూ వెళ్ళింది. మిగిలిన కోరికను ధర్మపత్ని తన సొంత ధనంతో తీర్చుకున్నారు. సామర్థ్యం లేనివారిని తమ సంరక్షణలో ఉంచుకొని బుద్ధిపూర్వకంగా నిర్లక్ష్యం చేస్తే 5 సంవత్సరాల వరకు కారాగారశిక్ష ఉన్నదన్న సంగతి కూడా అక్కడి ప్రతినిధులు ఎరిగి ఉండాలి.

ఇంగ్లాండ్‌లో నమోదైన పత్రం అంతమాత్రం చేత భారతదేశంలోని బ్యాంకును గాని, రిజిస్ట్రారు కార్యాలయాన్ని గాని కట్టడి చేయదు. ఈ సంగతి తెలిసిన అన్నగారు ఇక్కడి పొలం వాటాను, ఖాతాలను తాను సంతకం చేయగలిగిన కాలంలోనే పరిష్కరించారు. విదేశాలలో నివసించే తెలుగు కుటుంబాలు రెండు దేశాల వ్యవహారాన్ని వేరువేరుగా చూసుకోవలసి ఉంటుంది.

ఇక స్వదేశంలో ఉన్నవారికి, బుద్ధిని దాటి నిలిచే అటువంటి పత్రం లేదు. ఉన్న సాధనాలను కూర్చుకోవాలి. ఖాతాలను, డిపాజిట్లను భార్యాభర్తల పేరిట "ఐదర్ ఆర్ సర్వైవర్" పద్ధతిలో ఉంచడం మొదటిది. ఆ ఒక్క మార్పు జరిగి ఉంటే రాజమహేంద్రవరంలో గాజులు అమ్మవలసిన పని ఉండేది కాదు. అంత్యకాల చికిత్సను గురించిన ముందస్తు వైద్య నిర్దేశాన్ని సర్వోన్నత న్యాయస్థానం 2018లో ఆమోదించింది; 2023లో విధానాన్ని సులభం చేసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ పొందితే చాలునన్నది. మానసిక వ్యాధుల చికిత్సకు సంబంధించి తన ప్రతినిధిని ముందుగా పేర్కొనే హక్కును 2017 చట్టం ఇచ్చింది. ఇవన్నీ కలిసినా ఒక పూర్ణపత్రానికి సమానం కావు. అయినా ఏమీ లేకపోవడం కంటె ఎంతో మేలు. వీటన్నింటికీ సమానమైన నియమం ఒక్కటే: బుద్ధి నిలిచి ఉండగానే చేయాలి.

తెలుగు గృహాలలో 60వ ఏట ఉగ్రరథశాంతి, 70వ ఏట భీమరథశాంతి జరిపే ఆచారం ఉంది. పుత్రపౌత్రులు, బంధువులు ఒకచోట చేరే శుభదినాలవి. శాంతికర్మ పూర్తయిన తరువాత ఆ పెద్దలు పిల్లలను ఎదుట కూర్చోబెట్టుకొని, ఏ ఖాతా ఎక్కడున్నది, ఏ వైద్యం కావాలి, ఏది వద్దు, మాట పోయిన దినాన తన మాట ఎవరి ద్వారా పలకాలి అన్నవి చెప్పి వ్రాయించడం ఆ ఆచారానికి తగినదే. పిల్లలు మొగమాటంతో, "అశుభం మాట్లాడకండి నాన్నగారూ" అని తప్పించుకోరాదు. కౌషీతకిలోని పుత్రుని వలె ప్రతిమాటకూ బదులుగా, స్వీకరిస్తున్నామని నోటితో చెప్పాలి. అప్పగించే తండ్రికి అది అపరిగ్రహ సాధన. స్వీకరించే సంతానానికి అది వ్రతదీక్ష.

శుభం భూయాత్.